వాడపల్లి వెళ్ళిన సువార్త బండి

మా చర్చి యవ్వనస్థులకు సువార్త మిషన్ అంటే ముందు ఫ్లెక్సీ. ఈ మాట అంటే వాళ్ళ మూతులు ముడుచుకుంటాయి గానీ, వాళ్ళ ఆదివారం సాయంత్రం కూడికలకు ఏళ్ళ తరబడి టీ కాచి పోస్తున్న పాస్టరు గారి భార్యని, నాకు ఆ మాత్రం అనే హక్కుంది. రాజోలు దగ్గర గోదావరి గట్టు కింద ఊరు మాది. చర్చి పక్కన మా ఇల్లు, మా పెరటి గోడకు అవతల వేటకెళ్ళే కుటుంబం ఒకటి. ఈ కథంతా ఆ గోడ దగ్గరే మొదలైంది.

మన్యం వైపు ఒక చిన్న సంఘం వాళ్ళు మా పిల్లల్ని రమ్మని పిలిచారు. శనివారం సాయంత్రం పాటలు, సాక్ష్యాలు, ఒక చిన్న నాటిక. ఇంకేం, మా యవ్వనస్థుల సెక్రటరీకి కాళ్ళు నేలమీద ఆగలేదు. డిగ్రీ పూర్తిచేసి అమలాపురంలో కంప్యూటర్ సెంటరులో పనిచేస్తున్నాడు, చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, మంచి పిల్లాడే. కానీ హడావుడి మనిషి. వారం తిరక్కుండా టీషర్టులు అచ్చయ్యాయి, వ్యాన్ మాట్లాడటమైంది, ముందొకటి వెనకొకటి కట్టడానికి రెండు ఫ్లెక్సీలు వచ్చాయి. వాటి మీద 'యవ్వనస్థుల సువార్త యాత్ర' అని అరచెయ్యంత అక్షరాలు, చేతులు కట్టుకుని మా సెక్రటరీ నిలువెత్తు బొమ్మ. మా వారి ఫోటో మూలన, రేషన్ కార్డు మీద ఫోటో అంత ఉంది.

"ఒరేయ్, మిషన్ అంటే బండెక్కి వెళ్ళే ఊరు కాదురా, రోజూ బతికే తీరు. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అన్నాను.

"ఆయ్, అలాగేనండి అమ్మగారూ. కానీ ఫ్లెక్సీ లేకపోతే ఎవరొచ్చేరో జనానికి ఎలా తెలుస్తాదండి?" అన్నాడు, చాలా మర్యాదగా. గోదావరి జిల్లా పిల్లలతో ఇదే తంటా, మన మాట కాదంటున్నప్పుడు కూడా ఆయ్ అనే అంటారు.

గోడవతల ఆవిడని నేను అక్కగారూ అంటాను. భర్త అంతర్వేది మొగ దాటి సముద్రం మీదికి వేటకెళ్తాడు, ఆవిడ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరుగుతుంది. వేంకటేశ్వర స్వామి భక్తురాలు, శనివారం నీసు ముట్టదు, గుడ్డు కూడా ముట్టదు. నేను ఈ ఊరికి కాపరానికి వచ్చినప్పటి నుంచీ ఒక అలవాటు ఉంది ఆవిడకు. పండగ రోజు బూర్లు వండినా, పులిహోర కలిపినా, దేవుడికి పెట్టకముందే మా వాటా గిన్నెలోకి తీసి గోడ మీదుగా అందిస్తుంది. "ముందే తీసేసేనండి అమ్మగారూ, ఇంకా దేవుడికి చూపించలేదు" అంటుంది. నైవేద్యం పెట్టింది మేం తినమని ఆవిడకు ఎవరు చెప్పారో నాకు తెలియదు, నేనైతే చెప్పలేదు. గిన్నె అందుకోవడం, తినడం, కడిగి ఇచ్చెయ్యడం, కుళాయి తిప్పితే నీళ్ళొచ్చినంత మామూలైపోయింది మాకు.

ఆవిడకు ఒక్కతే కూతురు. రెండుసార్లు కడుపు నిలవలేదు ఆ పిల్లకి. మూడోసారి నిలిచింది, పురిటికి పుట్టింటికి వచ్చింది. బిడ్డ క్షేమంగా భూమ్మీద పడాలని అక్కగారు వాడపల్లి స్వామికి మొక్కుకుంది. వరసగా ఏడు శనివారాలు వెళ్ళాలి, వెళ్ళినప్పుడల్లా గుడి చుట్టూ ఏడు ప్రదక్షిణలు చెయ్యాలి. ఒక్క వారం తప్పినా మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలని ఆవిడ పట్టు. ఆరు వారాలు బస్సులో వెళ్ళి వచ్చింది. ఏడో శనివారం మిగిలింది, డాక్టరమ్మ చెప్పిన పురుడు రోజు ఆ తర్వాతి వారమే. సరిగ్గా అప్పుడు రేవు మెట్ల మీద జారిపడి ఆవిడ చీలమండ గుమ్మడికాయలా వాచింది.

శుక్రవారం సాయంత్రం బట్టలు తియ్యడానికి పెరట్లోకి వెళ్తే గోడవతల వెక్కుతున్న చప్పుడు. భర్త వేటలో ఉన్నాడు. బస్సెక్కే కాలు కాదు. ఆటో మాట్లాడదామంటే పెళ్ళి ముహూర్తాల రోజాయె, ఊళ్ళో ఒక్క ఆటో ఖాళీ లేదు.

"రేపు తప్పితే మళ్ళీ ఏడు వారాలండి అమ్మగారూ. పిల్లకి అంత టైము ఎక్కడుందండి? ఈసారి కూడా ఏదైనా అయితే నేను బతకలేనండి" అంది, గోడ మీద తల ఆనించి.

నా నోటికి బుర్రతో సంప్రదించే అలవాటు లేదు. "మా బండి రేపు రావులపాలెం మీదుగానే వెళ్తుంది, వాడపల్లి ఆ పక్కనే. పొద్దున్నే తయారుగా ఉండండి" అనేశాను. అన్న తర్వాత గానీ నేనేం అన్నానో నాకు తట్టలేదు.

ఆ సాయంత్రం ప్రార్థన కూడికలో సంగతి చెప్పాను. అంతే, గలాభా. మా సంఘ పెద్దగారు రిటైరైన పోస్టుమాస్టరు, పాత తెల్ల కారు ఒకటి ఉంది, దాన్ని ఆదివారం చర్చికి తప్ప బయటికి తియ్యరు. ఆయన కుర్చీలోంచి లేచేశారు.

"సువార్త బండి గుడికెళ్ళడమేంటండి అమ్మగారూ? రేపు నలుగురూ ఏమనుకుంటారు? మొక్కులు తీర్పించడమా మన పని?"

"దెబ్బ తగిలి దారిలో పడున్న మనిషిని చూసి పక్కనుంచి తప్పుకుపోయిన వాళ్ళ గురించి మొన్న ఆదివారం వాక్యం చెప్పింది మీరే కదండీ? నేను ఎదురుగా కూర్చుని విన్నాను" అన్నాను. నా గొంతు లేచింది, ఒప్పుకుంటాను.

"అది వేరండి."

"ఎలా వేరండి?"

మా వారు కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకుంటున్నారు. ఆయన అలా తుడుస్తున్నారంటే ఏదో తేల్చుకుంటున్నారని అర్థం. పెట్టుకుని, "బండిలో సీట్లన్నీ నిండిపోయాయా?" అని మాత్రం అడిగారు.

"నిండిపోయాయండి అయ్యగారూ" అన్నాడు సెక్రటరీ, గండం గడిచినట్టు.

అప్పుడు నర్సింగ్ చదువుతున్న పిల్ల ఒకతి వెనకనుంచి లేచింది. "నా సీటు ఇచ్చేస్తానండి. అక్కకి నెలలు నిండినాయి, వాళ్ళమ్మ లేనప్పుడు ఒక్కదాన్నీ ఒదలకూడదు. నేను ఆవిడ దగ్గర ఉంటాను" అంది. నాటికలో ముఖ్యమైన వేషం దానిదే. దాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది నాకు.

సెక్రటరీ ముఖం మాడ్చుకున్నాడు. "సరేనండి. గేటు దగ్గర దింపుతాం, మొక్కయ్యాక ఎక్కించుకుని రావులపాలెంలో ఆటో ఎక్కిస్తాం. మేం మాత్రం బండి దిగం" అన్నాడు.

పొద్దున్నే అక్కగారిని ముందు సీట్లో కూర్చోబెట్టాం, ఆడపిల్లలకు తోడుగా బయల్దేరిన నేను ఆవిడ వెనక సీట్లో ఎక్కాను. ఒళ్ళో చేతిసంచీ, కాలికి కట్టు. ఎప్పుడూ బండి కదిలీ కదలకముందే పాటలందుకునే మా వాళ్ళు నోళ్ళు కుట్టేసుకుని కూర్చున్నారు. తాటిపాక దాటేదాకా ఆవిడ ఓపిక పట్టింది.

"పాడరేంటి బాబూ? నా గురించా? రోజూ గోడవతలనుంచి వింటున్నవే కదా" అంది. మళ్ళీ తనే, "అన్నట్టు ఆ తప్పెట కొట్టి పాడే పాట ఉంది కదా, మొన్న ఆదివారం రెండో చరణం ముందే ఎత్తేసేరు మీరు" అంది. బండంతా ఘొల్లుమంది. నిజంగానే ఎత్తేశారు, సంఘంలో ఎవరూ కనిపెట్టలేదు. ఆ తర్వాత కొత్తపేట వచ్చేదాకా పాటలు ఆగలేదు.

రావులపాలెం దాటాక దారి పక్కన పూతరేకుల కొట్లు వరసగా వచ్చాయి. "ఆపండి బాబూ, ఒక్క నిమిషం" అంది అక్కగారు. ఆ నిమిషం ఎంతకీ తెమల్లేదు. బెల్లంవి చూసింది, పంచదారవి చూసింది, జీడిపప్పు వేసినవి తీయించింది, నెయ్యి వాసన చూసింది, చివరికి ఒక పెద్ద పెట్టె కట్టించుకుంది. సెక్రటరీ గడియారం చూసుకుంటూ నా చెవి దగ్గర గొణిగాడు.

"మొక్కుకొచ్చేరా, షాపింగుకొచ్చేరా అండి ఈవిడ? మనం సాయంత్రానికి మన్యం చేరాలి కదండీ. వచ్చేటప్పుడు కొనుక్కోవచ్చు కదా."

నిజం చెప్పొద్దూ, నాకూ చిరాకేసింది. కాలు నొప్పి అంటూనే ఈ బేరమేమిటని.

వాడపల్లి పొలిమేరలో బండి ఆపించి ఫ్లెక్సీలు తీసెయ్యమన్నాను. శనివారం జనం ఇసకేస్తే రాలరు, వాళ్ళ మధ్యకు మన బొమ్మలు ఊరేగించుకుంటూ వెళ్ళడం మర్యాద కాదు. మా వాళ్ళు ముందున్నది విప్పి చుట్టేశారు. వెనకది మాత్రం ఒక్కడికీ గుర్తు రాలేదు. మా సెక్రటరీ నిలువెత్తు బొమ్మ వాడపల్లి జనాన్నంతా చేతులు కట్టుకుని చూస్తూ లోపలికి వెళ్ళింది.

బండ్లు నిలిపే చోట సేవకు నిలబడ్డ ఒకాయన, నుదుట నామాలు, మెళ్ళో కండువా, వెనకనుంచి చరచరా వచ్చాడు. ఆయన వెంట ఇంకో ఇద్దరు. "ఏంటండి ఇది? ఎవరండి మీరు? ఇక్కడికెందుకొచ్చేరు?" అన్నాడు. గొంతులో మంట లేదు గానీ, అనుమానం ఉంది. మా పిల్లల ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. చుట్టూ జనం ఆగి చూస్తున్నారు. ఎప్పుడూ ముందుండే నా నోరు ఆ పూట పెగల్లేదు.

తలుపు తీసుకుని అక్కగారు ఒంటికాలి మీద దిగింది. "నన్ను తీసుకొచ్చేరండి బాబూ. నాకు కాలు బాలేదు, ఏడో వారం మొక్కు. వీళ్ళు మా పిల్లలండి" అంది.

"మీ పిల్లలా?" అన్నాడు ఆయన, ఫ్లెక్సీ వైపు చూస్తూ.

"ఆయ్, మా పిల్లలే. గోడవతల పిల్లలు."

ఆయన ఆవిడ కాలు చూశాడు, మా టీషర్టులు చూశాడు. ముఖం మెత్తబడింది. తనే వెనక్కెళ్ళి తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. "చిరగనివ్వకండి, మళ్ళీ పనికొస్తాది కదా" అంటూ మా సెక్రటరీ బొమ్మను చాపలా చుట్టి వాడి చేతికే ఇచ్చాడు. చక్రాల కుర్చీ తెప్పిస్తానన్నాడు కూడా. అక్కగారు ఒప్పుకోలేదు. "నడుస్తానని మొక్కుకున్నానండి, తోయించుకుంటానని కాదు" అంది.

నడవడానికి మనిషి కావాలి. మా ఆడపిల్లలు నా వైపు చూస్తున్నారు. నేను పాస్టరు గారి భార్యని. గుడి చుట్టూ నేను తిరగడం ఏమిటి? నాకు దడ పుట్టింది, దాచడం ఎందుకు. ఆవిడకు అది తెలిసిపోయింది.

"మీరు బండి దగ్గరే కూర్చోండి అమ్మగారూ. మీ సంఘంలో మాట వస్తాది. నేను గోడ పట్టుకుని నెమ్మదిగా నడుస్తాను."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో కూడా తెలియదు. "ఈ జనంలో మీకు పట్టుకోడానికి గోడ ఎక్కడ ఖాళీగా ఉందండీ? పదండి" అని ఆవిడ చెయ్యి తీసి నా భుజం మీద వేసుకున్నాను. ఆవిడ నడక ఆవిడ మొక్కు, నా భుజం నా పొరుగింటి మనిషికి. ఆవిడ పెదాల మీద గోవింద నామం, నా పెదాల మీద నా ప్రభువు పేరు. ఇద్దరం అడుగుతున్నది మాత్రం ఒక్క పిల్ల గురించే. అంత గట్టిగా నేను చర్చిలో మోకాళ్ళ మీద కూడా ఎప్పుడూ ప్రార్థించలేదు.

మొదటి చుట్టు సగంలోనే ఆవిడ తూలింది, ఆవిడతో పాటు నేనూ. పడిపోతామనుకునేసరికి రెండో వైపునుంచి ఒక చెయ్యి ఆవిడ రెక్క పట్టుకుంది. చూద్దును కదా, మా సెక్రటరీ. టీషర్టు తిరగేసి తొడుక్కున్నాడు. అక్షరాలు కనపడకూడదని.

"బండి దిగనన్నావు కదురా?"

"మీరు పడిపోతే అయ్యగారికి నేనేం చెప్పాలండి?" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఇంకా రెండు చుట్లు ఉన్నాయనగా నా ఫోను మోగింది. మా వారు. పిల్లకు నొప్పులు మొదలయ్యాయట, నర్సింగ్ పిల్ల ఇక ఆగకూడదందట, ఆటో దొరక్క మా వారు పరిగెత్తుకెళ్ళి సంఘ పెద్దగారి తలుపు తట్టారట, తెల్ల కారులో అమలాపురం ఆస్పత్రికి బయల్దేరారట. ఉన్నదున్నట్టు అక్కగారికి చెప్పాను. ఆవిడ నా భుజం మీద గోళ్ళు దిగేలా పట్టుకుంది. కూతురి దగ్గరికి ఉరకాలా, ఈ రెండు చుట్లూ పూర్తిచెయ్యాలా? ఆ కళ్ళలో భయం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"తిరుగుదాం పెద్దమ్మగారూ, గబగబా తిరిగేద్దాం. బండి స్టార్ట్ చేసి ఉంచమని మావాళ్ళకి చెప్తాను" అన్నాడు సెక్రటరీ. అన్నది వాడే. ఆ రెండు చుట్లూ ఆవిడను దాదాపు మోసుకునే తిప్పాం. దర్శనం వరస గోదావరి అంత పొడుగుంది. ఆవిడ ధ్వజస్తంభం దగ్గరే నిలబడి దణ్ణం పెట్టుకుని, "లోపలికి రాలేకపోయేనని ఆయనకి తెలీదా ఏంటి, పదండి" అంది. ఇందాకటి నామాలాయన దారిలో ఎదురై, సంగతి విని, తన చేతిలోని ప్రసాదం పొట్లం ఆవిడ సంచీలో వేసి, జనాన్ని పక్కకు జరుపుకుంటూ బండిదాకా వచ్చాడు.

మన్యం వాళ్ళకు దారిలోంచి సెక్రటరీయే ఫోను చేసి చెప్పాడు. "ఆ పిల్ల పురుడు కానివ్వండి బాబూ, వచ్చే వారం రండి, మేమెక్కడికీ పోం" అన్నారట వాళ్ళు. అమలాపురం వచ్చేదాకా బండిలో పిల్లలందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూనే ఉన్నారు.

ఆస్పత్రి వరండాలో బల్ల మీద సంఘ పెద్దగారు కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా నలిగిపోయింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మమ్మల్ని చూసి లేచి గొంతు సవరించుకున్నారు. "ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు. మీ వాళ్ళెవరూ లేరని నర్సు బిడ్డని మొదట నా చేతుల్లోనే పెట్టిందండి" అన్నారు అక్కగారితో, ఇంకా ఆ బరువు చేతుల్లో ఉన్నట్టు నిలబడి. అక్కగారు నేల మీద కూలబడి బావురుమంది. నేనూ ఏడ్చాను, పిల్లలూ ఏడ్చారు, పెద్దగారు మాత్రం కంట్లో నలక పడిందన్నారు.

లోపలికెళ్ళి కూతుర్నీ మనవరాల్నీ చూసి వచ్చాక గానీ ఆవిడకు మా పిల్లలు గుర్తు రాలేదు. పొద్దుటినుంచి ఒక్కడూ ఏమీ తినలేదు. చేతిసంచీ తెరిచింది. ప్రసాదం పొట్లం జాగ్రత్తగా పక్కన పెట్టి, అడుగునుంచి పూతరేకుల పెట్టె తీసి సెక్రటరీ చేతికిచ్చింది.

"తినండి బాబూ. గుళ్ళోకి వెళ్ళక ముందే కొన్నాను. వచ్చేటప్పుడు కొంటే, దేవుడికి చూపించిందేమోనని మీకు తినాలో వద్దో తెలీదు కదా. బండిలోనే ఉంచేసేను."

వాడు పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. షాపింగుకొచ్చేరా అన్నవాడు. చిరాకుపడ్డ నేను పక్కనే ఉన్నాను. తర్వాత అందరం ఆ వరండాలో నిలబడి పూతరేకులు తిన్నాం, పెద్దగారు రెండు తిన్నారు.

ఆ తర్వాతి వారం మా పిల్లలు మన్యం వెళ్ళి వచ్చారు. ఫ్లెక్సీలు ఏవిరా అంటే, చర్చి వెనక కట్టెలు తడవకుండా కప్పామన్నారు.

డిసెంబరులో మా చర్చిలో, పండగకు ముందే చేసుకునే సెమీ క్రిస్మస్. శనివారం పడింది. కేకు కోసే వేళకు అక్కగారు మనవరాల్ని ఎత్తుకుని గేటు దగ్గరికి వచ్చింది, భర్తా కూతురూ వెనక. అప్పుడు గుర్తొచ్చింది నాకు. శనివారం! కేకులో గుడ్డు! అయ్యో, అన్నీ చూసుకుని ఇది మర్చిపోయానే అని నన్ను నేను తిట్టుకుంటుంటే, మా సెక్రటరీ లోపలినుంచి ఒక చిన్న పెట్టె పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాడు.

"పెద్దమ్మగారూ, ఇది గుడ్డు లేనిదండి. అమలాపురంలో చెప్పి చేయించేను. మా కేకు కోసిన కత్తి కూడా తగల్లేదు. అయ్యగారు ప్రార్థన చెయ్యకముందే మీకు తీసేసేనండి."

ఆవిడ ఒక్క క్షణం వాడి ముఖంలోకి చూసింది. ఆ మాట ఎవరిదో ఆవిడకు తెలుసు. నవ్వేసింది, కళ్ళనిండా నీళ్ళతో.

"ప్రార్థన చేసిందే పెట్టండి బాబూ. నా మనవరాలికి ఎంతమంది అడిగితే అంత మంచిది" అంది.

మా వారు కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. సంఘ పెద్దగారు ఎవరూ చెప్పకుండానే వచ్చి పక్కన నిలబడ్డారు. ఆ చిన్న పెట్టె మీద చెయ్యి ఉంచి మా వారు ప్రార్థన చేస్తుంటే, పాప పెద్దగారి వేలు పట్టుకుని వదల్లేదు.